లారీ అక్క స్కూటరెక్కిన ఏడాది

ఆసుపత్రి వెనకవైపు, ఆవిరి గొట్టాలు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే చోట, లాండ్రీ ఉంది. వార్డుల్లోంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో తొడుక్కునే ఆకుపచ్చ చొక్కాలు అక్కడే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పైకి పంపిస్తారు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళలో ఒకామెను అందరూ లారీ అక్క అనేవారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళకు కూడా ఆమె అక్కే. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఇంకెవరినో అనుకుని ఆమే వెనక్కి తిరిగి చూసేది. మిగతావాళ్ళు బస్సులోనో సైకిలు మీదో పనికొస్తే, ఆమె ఒక్కతే కనుమకు అవతలినుంచి డీజిల్ లారీ నడుపుకుంటూ వచ్చేది మరి.

లారీ అంటే మరీ పెద్దది కాదు. ఇటుకలు, ఇసుక, ఇల్లు మారేవాళ్ళ సామాను మోసే చిన్న లారీ. ఒకప్పుడు నీలం రంగు, ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. మనిషి కంటే ముందు దాని దగ్గు వచ్చేది. ఆ దగ్గు వినగానే గేటు దగ్గరి కాపలావాడు టీ గ్లాసు పక్కన పెట్టి అడ్డుకర్ర ఎత్తేవాడు. ఆమె బండిని చెత్తకుండీల పక్క సందులోకి ఒక్క ఊపులో వెనక్కి పెట్టి, తాళంచెవి నడుముకు దోపుకుని దిగేది. బండి వెనక్కి పెట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యని అంబులెన్సు డ్రైవర్లు కూడా ఒప్పుకున్నారు.

ఆ బండి ఆమె మామగారిది. ఆయన వయసులో ఉండగా ఇటుకబట్టీ యజమాని దగ్గర కొన్నాడు. తర్వాత తండ్రీ కొడుకులు వంతులవారీగా నడిపారు. ఆమె కాపురానికొచ్చేనాటికి ఆ ఇంట్లో అన్నం వేళ కూడా బండిని బట్టే ఉండేది. తొమ్మిదేళ్ళ కిందట ఒక ఉదయం ఆమె భర్త బట్టీలో లోడు ఎత్తించి ఇంటికొచ్చి, నీళ్ళు అడిగి, గ్లాసు అందుకోకుండానే గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. అంబులెన్సు కనుమ దాటి రావాలంటే ఆలస్యమవుతుందని పెద్దాయనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆమె భర్త తలను ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు.

వెనక తొట్టి నిండా ఇటుకలు ఉన్నాయి ఆ రోజు. దించడానికి టైము పడుతుందని పెద్దాయన అలాగే బయల్దేరాడు. కనుమ ఎక్కేటప్పుడు బండి ఎద్దులా రొప్పింది. ఆ సంగతి ఆయన తర్వాత ఎవరు పలకరించడానికొచ్చినా చెప్పాడు. ఇటుకలు పారబోసి బయల్దేరి ఉంటే వాడు దక్కేవాడని, తన చేతులారా తనే చేసుకున్నానని చెప్పాడు. వచ్చినవాళ్ళు అలా అనుకోకూడదని ఓదార్చి వెళ్ళేవారు. కొన్నాళ్ళకు చెప్పడం మానేశాడు గానీ, ఆ మాట ఆయన ముఖంలోనే ఇల్లు కట్టుకుంది. ఆ తర్వాత బాడుగలు ఒప్పుకున్నాడు గానీ కనుమ దాటి మాత్రం వెళ్ళలేదు.

ఆపైన గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆయన కంటి నరం దెబ్బతింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలది కనిపించదు. లైసెన్సు పోయింది. అప్పటికే కోడలు ఆసుపత్రి లాండ్రీలో పనికి కుదిరింది; అప్పట్లో మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి బస్సు అందేది. బండి ఇంటిముందు ఊరికే తుప్పుపడుతుంటే చూడలేక, ఒకరోజు ఆయనే ఆమెను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు. బట్టీ వెనక ఖాళీ స్థలంలో నేర్పాడు. పక్కన కూర్చుని, రోడ్డు పూర్తిగా కనిపించని మనిషి, కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటూ నేర్పాడు. "అది అడగకముందే గేరు మార్చకమ్మా. అడిగినప్పుడు మాత్రం ఆలస్యం చెయ్యకు" అనేవాడు. కొడుక్కి నేర్పినప్పుడు పెట్టిన చివాట్లేవీ కోడలికి పెట్టలేదు.

అలా కొన్నేళ్ళు బాగానే సాగింది. తెల్లారేసరికి బట్టీలో లోడు ఎత్తించుకుని, కనుమ దాటి, ఇటుకలు దింపించి, ఆ బండితోనే షిఫ్టుకు వెళ్ళేది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్నట్టు జీతానికి బాడుగ తోడయ్యేది. తర్వాత బట్టీ మూతపడింది. ఇళ్ళు మారేవాళ్ళకు కొత్త కొత్త వ్యాన్లు వచ్చాయి. చివరికి ఆమె ఒక్క మనిషి కోసం అంత ఇనుము కొండెక్కి దిగడం మొదలైంది. జీతం చేతికందిన వారంలోపే సగం బంకులో పోసి వచ్చేది. బస్సులో వెళ్దామంటే మొదటి బస్సు బయల్దేరేలోపు మొదటి షిఫ్టు మొదలైపోతుంది. ఒక నెల కూతురి కాలేజీ ఫీజు ఆలస్యమైంది. ఇంకో నెల కనుమ మీద క్లచ్ ప్లేటు కాలిపోయి, ఆ కమురు వాసన మధ్య రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఎదురుచూసింది. బాగుచేసిన మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"అక్కా, దీనికి పెట్టే డబ్బుతో నువ్వు రోజూ కారులో తిరగొచ్చు."

ఆమె నవ్వింది గానీ ఆ మాట వెంట వచ్చింది. లాండ్రీలో ఆమెతోపాటు దుప్పట్లు మడతపెట్టే చెలికత్తె అప్పటికే పాత బ్యాటరీ స్కూటరు ఒకటి కొనుక్కుంది. మోటారు గట్టిదట, కనుమ కూడా ఎక్కుతుందట. రాత్రి ఫోనుకు పెట్టినట్టే దానికీ కరెంటు పెడితే పొద్దునకల్లా సిద్ధమట. నమ్మకపోతే ఒకసారి నడిపి చూడమంది.

నడపడమే పెద్ద గొడవైంది. లారీని గోడకూ గోడకూ మధ్య బెత్తెడు సందులో దూర్చే మనిషి, ఆ స్కూటరు మీద కూర్చోగానే బిక్కచచ్చిపోయింది. చిన్నప్పుడు సైకిలు కూడా తొక్కలేదు. రెండు చక్రాల మీద మనిషి ఎలా నిలబడుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చుట్టూ తలుపు లేదు, ముందు అద్దం లేదు. ఎడమకాలు క్లచ్ కోసం గాలిలో తొక్కేది. ఆదివారాలు చెలికత్తె స్కూటరు అడిగి తెచ్చుకుంటే, ఇంటికి దగ్గరలోనే ఉన్న ఖాళీ బట్టీ స్థలంలో కూతురు వెనక పట్టుకుని పరిగెత్తేది.

"అమ్మా, గేర్లు లేవు దీనికి. ఊరికే తిప్పు."

"ఏమీ లేని బండి ఎలా వెళ్తుందే?"

"నువ్వు భయపడకపోతే వెళ్తుంది."

రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. మణికట్టు వాచింది. పెద్దాయన అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు లేని బండి వైపు చెవి పెట్టేవాడు. దానికి మిడత అని పేరుపెట్టాడు. మిడత కొండ ఎక్కుతుందా అని మనవరాలితో హాస్యమాడాడు. అప్పటికి ఆయనకు అది హాస్యమే. బండి అమ్ముతారన్న మాట ఇంకా ఆయన చెవిన పడలేదు.

ఆ మాట చెప్పాల్సినది ఆమే. కానీ రోజూ రేపు చెబుదామనుకుని మింగలేక కక్కలేక తిరిగింది. ఈలోగా కనుమకు ఇవతల, వాళ్ళ ఊరివైపే కోళ్ళఫారం పెట్టుకున్నాయన దాణా మోయడానికి పాత లారీ కోసం వెతుకుతున్నాడని మెకానిక్కు చెప్పాడు. తుక్కుకు కొనేవాడు కాదు, నడుపుకునేవాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. ఆదివారం వచ్చి చూడమని కబురు పెట్టింది. ఆయన ఆగలేక శుక్రవారమే వచ్చేశాడు. ఆమె బండి తీసుకుని షిఫ్టుకు వెళ్ళింది. ఇంటిదగ్గర పెద్దాయన ఒక్కడే.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి కూతురు వాకిట్లోనే ఎదురొచ్చి సంగతి చెప్పింది. తాతయ్య ఆ మనిషిని కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడాడట. ఈ బండి ఇంజను చావుకొచ్చిందనీ, కింద చట్రం వంగిందనీ, కొంటే కోళ్ళు ఆకలితో చస్తాయనీ చెప్పి పంపించేశాడట. ఆ తర్వాత ఇంట్లోకి రాలేదట.

ఆయన దొడ్లో బకెట్టు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె అప్పుడే తెచ్చి ఆపిన బండి ఇంకా వేడిగా ఉంది. తడిగుడ్డతో దాని తలుపు తుడుస్తున్నాడు.

"మామయ్యా, ఆయనతో అబద్ధం ఎందుకు చెప్పారు?"

ఆయన తుడవడం ఆపలేదు.

"నువ్వు ఆ మిడతెక్కి వెళ్తావో నడిచి వెళ్తావో నీ ఇష్టం. నేనేమీ అనను. బండి మాత్రం ఇక్కడే ఉంటుంది."

ఉంచి ఏం చేస్తామని ఆమె అడిగింది. కదలని బండి పిల్లలకు ఆటబొమ్మ, పాములకు పుట్ట అవుతుందంది. మీరు దాన్ని ఎంత బాగా చూసుకున్నారో నాకు తెలియదా అంది. ఆయన చాలాసేపు విని, గుడ్డను బకెట్లో పడేశాడు.

"ఆ రోజు నేను లోడు దించలేదమ్మా. ఆ తప్పు నేను చేస్తే ఇది మోసింది. దీన్ని కూడా పంపేస్తే ఇక నేనొక్కణ్ణే మిగులుతాను."

ఆ మాటతో ఆమె లోపల ఏళ్ళుగా పంటి బిగువున పట్టుకున్నదేదో వదిలిపోయింది. చెప్పాలని అనుకుని చెప్పిన మాట కాదది. కూతుర్ని లోపలికి వెళ్ళమంది. ఆయన ఎదురుగా, ఆయనకు కనిపించే చోట నిలబడింది.

"లోడు వల్ల ఏమీ కాలేదు మామయ్యా. కనుమ మొదలుకాకముందే ఆయన పోయారు. నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర. నా ఒళ్ళోనే."

ఆయన ముఖం కదలలేదు. సగమే విన్నట్టు, మిగతాది ఇంకా రావాల్సి ఉన్నట్టు చూశాడు. ఆమె చెప్పింది. మలుపు తిరుగుతుంటే భర్త చెయ్యి ఒక్కసారి బిగుసుకుని వదులైపోయిందనీ, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాననీ, ఛాతీ మీద చెవి పెట్టాననీ చెప్పింది. అప్పుడు తలెత్తితే మామగారి ముఖం కనిపించింది. రోడ్డు మీదే కళ్ళు పెట్టి, వచ్చేశాం నాన్నా, వచ్చేశాం అంటున్నాడు. ముందు కనుమ. వెనక లోడు. చెబితే ఆ చేతులు స్టీరింగు మీద నిలవవని భయపడింది. అందుకని ఏమీ అనకుండా, పోయిన మనిషి చెయ్యి పట్టుకుని కొండంతా ఎక్కి దిగింది. ఆసుపత్రి దగ్గర మామగారు బండి పక్కకు పెడుతుండగా డాక్టరుకు నిజం చెప్పేసింది.

పెద్దాయన గోడ పట్టుకుని అక్కడే ఉన్న రాయి మీద కూర్చున్నాడు.

"ఆ మలుపు దగ్గర నువ్వు కిటికీ అద్దం ఎత్తావు" అన్నాడు. "వాడికి చలేస్తోందనుకున్నాను."

అద్దం ఎత్తిన సంగతి ఆమెకు గుర్తులేదు.

ఈ మాటతో ఆయన గుండె మీది బరువు దిగుతుందని ఆమె అనుకుని ఉండొచ్చు. అలా జరగలేదు. ఆయన లేచి, గొంతు ఏమాత్రం పెంచకుండా అన్నాడు.

"నాకు చెప్పి ఉంటే బండి ఆపేవాణ్ణి. వాడి ముఖం చూసేవాణ్ణి. శవాన్ని పక్కన పెట్టుకుని బతికే ఉన్నాడనుకుంటూ కబుర్లు చెప్పాను. నన్ను అంత వెర్రివాణ్ణి చేశావు."

ఆ రోజు ఆయన కోసమే దాచిందన్నది నిజమే. ఆ తర్వాత ఇన్నేళ్ళూ చెప్పకపోవడం ఎవరి కోసమో ఆమెకే తెలియదు. ఆయన ఎవరో ఒకరికి తన తప్పు చెప్పుకుంటున్న ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటాడన్న భయంతో మళ్ళీ కడుపులోకి తోసేది. చివరికి ఆయన అన్నదీ ఆ మాటే.

తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో మాటలు మనవరాలి మీదుగానే నడిచాయి. తాతయ్య అన్నం పెట్టమన్నారని ఒకరికి, అమ్మ వేడినీళ్ళు పెట్టిందని ఇంకొకరికి. ఆమె లారీలోనే పనికి వెళ్ళింది. అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు. ఇన్నేళ్ళుగా రోజుకు రెండుసార్లు నీళ్ళ ట్యాంకు మలుపు దాటుతూ, అక్కడ ఊపిరి బిగపట్టడం అలవాటైపోయిందని ఆమె అప్పుడే గమనించింది.

ఒక ఉదయం కోళ్ళఫారం ఆయన తిరిగి వచ్చాడు. ఎవరు పిలిచారంటే పెద్దాయనే పిలిచాడట, మనవరాలి ఫోనులోంచి. అరుగు మీద కూర్చోబెట్టి ముందు తప్పు ఒప్పుకున్నాడు. అంతకుముందు చెప్పినవి అబద్ధాలనీ, ఇప్పుడు నిజాలు చెబుతాననీ అన్నాడు. బ్రేకు రెండుసార్లు తొక్కితేగానీ పట్టదనీ, చలిలో మొదటిసారి మొండికేస్తుందనీ, రెండో గేరు నుంచి మూడో గేరుకు వెళ్ళేటప్పుడు కొంచెం బతిమాలాలనీ, ఒక్కొక్కటే చెప్పాడు. ఆ మనిషి భయపడి వెళ్ళిపోతాడేమోనని కూతురు తలుపు చాటునుంచి చూస్తోంది. వెళ్ళలేదు. ఇంత చెప్పిన మనిషి ఇంకేమీ దాచి ఉండడని అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాడు.

బండి అప్పగించే రోజున పెద్దాయన ఉతికిన చొక్కా తొడుక్కుని, ఎవరూ పిలవకుండానే పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఆమె నడిపింది. మలుపు దగ్గరికి వస్తుంటే ఆయనకు కనిపించదు గానీ, ఇంజను చప్పుడు మారడంతో తెలిసింది.

"ఆపమ్మా."

ఆపింది. అక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదు. రోడ్డు పక్క తుప్పుపట్టిన నీళ్ళ ట్యాంకు, దాని కింద తడికి మొలిచిన గడ్డి. ఒక టైర్ల దుకాణం, ఇంకా తెరవలేదు. ఆయన దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె దిగాలో వద్దో తేల్చుకోలేక స్టీరింగు ముందే ఉండిపోయింది. వెనకనుంచి వచ్చిన ఒక బస్సు హారను కొట్టి పక్కనుంచి తప్పుకుపోయింది. ఆయన భుజాలు వణకడం అద్దంలో కనిపించింది. కొడుకు పోయినరోజు, తర్వాతి రోజుల్లో, ఆయన ఏడవగా ఆమె చూడలేదు.

తిరిగి ఎక్కి కూర్చున్నాక ఆయన అడిగాడు.

"ఏమైనా అన్నాడా?"

"లేదు మామయ్యా. మీరు వచ్చేశాం అంటుంటే ఆయన విన్నారు. అప్పటికి వింటూనే ఉన్నారు."

అది నిజమేనా అని ఆయన అడగలేదు. కోళ్ళఫారం దగ్గర బండి అప్పగించి, పత్రాల మీద సంతకాలు పెట్టి, ఇద్దరూ బస్సెక్కి ఇంటికొచ్చారు. బస్సులో టికెట్టు తీసేటప్పుడు ఆయన ఆమెతో నేరుగా అన్నాడు, చిల్లర నా దగ్గరుందని.

ఆ డబ్బుతో కూతురి ఫీజు కట్టగా మిగిలినదానికి వాడిన స్కూటరొకటి వచ్చింది. చెలికత్తెది ఎరుపైతే ఇది తెలుపు. మొదటి రోజుల్లో ఆమె కనుమ దారిన పక్కకు ఒదిగి, లారీలకు దారిస్తూ, గుండె చిక్కబట్టుకుని నడిపింది. ఇంతకాలం తను పైనుంచి చూసి హారను కొట్టిన బళ్ళన్నీ ఇప్పుడు ఆమె పక్కన ఉన్నాయి. వానొస్తే తడిసిపోతుంది. చలికి వేళ్ళు కొంకర్లుపోతాయి. లాండ్రీ చేరగానే ఇస్త్రీ రోలరు దగ్గర చేతులు కాచుకునేది. లారీలో ఎప్పుడూ వినిపించని పిట్టల అరుపులు దారిపొడుగునా వినిపించడం మాత్రం ఆమెకు బాగుండేది. గేటు దగ్గరి కాపలావాడు మొదటి వారమంతా ఆమెను గుర్తుపట్టలేదు. చప్పుడు లేకుండా వచ్చి నిలబడి, తనే అడ్డుకర్ర ఎత్తుకుని లోపలికి వచ్చేది. లాండ్రీలో పేరు మాత్రం మారలేదు. స్కూటరు మీద వచ్చినా లారీ అక్కే.

నెలాఖరుకు చేతిలో డబ్బు మిగలడం మొదట ఆమెకు నమ్మశక్యం కాలేదు. ఎక్కడో ఏదో కట్టడం మరిచిపోయానేమోనని ఆలోచించింది. రెండో నెల కూడా మిగిలాక, మామగారి కళ్ళు ఒకసారి తను పనిచేసే ఆసుపత్రిలోనే పెద్ద డాక్టరుకు చూపిద్దామంది. ఆయన వద్దంటాడనుకుంది. సరే అన్నాడు.

స్కూటరు వెనక ఆయన ప్రయాణం ఆ దారిలో చాలామంది చూసి నవ్వుకున్నారు. రెండు చేతులతో కోడలి భుజాలు గట్టిగా పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా గాలిలో బ్రేకు తొక్కుతూ, మెల్లగా అమ్మా మెల్లగా అంటూ కూర్చున్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు బండికి సాయం చేస్తున్నట్టు ముందుకు వంగాడు. కనుమ నెత్తికి చేరాక మాత్రం ఒక్క మాటన్నాడు, మిడతకు ఊపిరుందే అని.

డాక్టరు కొత్తగా చెప్పిందేమీ లేదు. పోయిన చూపు రాదు, ఉన్నది కొన్నాళ్ళు ఉంటుంది. చుక్కల మందు రాసిచ్చాడు. బయటికొచ్చాక ఇంటికి వెళ్దామా అని ఆమె అడిగితే, ఆయన కదలకుండా నిలబడ్డాడు. నువ్వు పనిచేసే చోటెక్కడ అని అడిగాడు.

లాండ్రీ తలుపు తియ్యగానే వేడి ముఖాన కొట్టింది. యంత్రాల రొద, ఆవిరి, సబ్బు వాసన. ఆడవాళ్ళు కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చోలేదు. ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపించే కళ్ళు కాబట్టి ఒక్కొక్కటిగా, తల తిప్పుకుంటూ చూశాడు. ముందు రోలరు, తర్వాత దానిలోకి వెళ్తున్న దుప్పటి, తర్వాత దాన్ని లాగుతున్న చేతులు.

"ఇంత వేడిలోనా?"

"అలవాటైపోయింది మామయ్యా."

"బండి ఎలా నడుస్తోందని రోజూ అడిగాను. ఇక్కడ ఏం చేస్తావని ఒక్కనాడూ అడగలేదు" అన్నాడు, ఆమెతో అన్నట్టు కాకుండా.

ఆ రోజు చెలికత్తె సెలవు. ఉతికిన దుప్పట్లు బల్ల మీద గుట్టగా పేరుకుపోయి ఉన్నాయి. ఒక దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆమె ఒకటి తీసి విప్పి, రెండు కొసలు ఆయన చేతికిచ్చింది. ఆయన వాటిని పట్టుకుని, ఎంత దూరం జరగాలో తెలియక, ఆమె చెప్పేదాకా వెనక్కి నడుస్తూనే పోయాడు. దగ్గరికొచ్చి కొసకు కొస కలిపేటప్పుడు ఒక అంచు జారి నేలకు తగిలింది. నేలకు తగిలినదాన్ని మళ్ళీ ఉతకాల్సిందే, అక్కడి నియమం అది. ఆమె దాన్ని మాసిన బట్టల బుట్టలో పడేసి, గుట్ట మీదినుంచి ఇంకొకటి తీసి ఆయనకు అందించింది.